కంపెనీల ఖర్చుతో పుట్టిన నానుడులు: వాడకందారు వైపు నుంచి ఒక సమీక్ష

వ్యాపార ప్రకటనలో ట్యాగ్‌లైన్‌గా పుట్టి, ఆ ప్రకటన ఆగిపోయిన తరువాత కూడా జనం నోళ్లలో నానుతున్న మాటలను ఒక వాడుక వస్తువుగా పరిగణించి, వాటి పనితనం ఎలా ఉందో, ఎంతకాలం మన్నాయో, వాడితే ఏమైనా చెరుపు ఉందో చెప్పడం ఈ సమీక్ష ఉద్దేశం. వీటి మీద ఇప్పటివరకు తీర్పు చెబుతున్నవారు ప్రధానంగా రెండు వర్గాల వారు. ప్రకటనల రంగంలో ఉన్నవారు ఆ మాట వల్ల సరుకు ఎంత అమ్ముడుపోయిందో చూస్తారు. నిఘంటువులు కూర్చేవారు అది మొదట ఎక్కడ, ఏ సంవత్సరంలో అచ్చయిందో చూస్తారు. ఇద్దరి లెక్కా సక్రమమైనదే గాని, ఆ మాటను రోజూ పలికేవాడికి, రాసేవాడికి అది ఎంతవరకు పనికొస్తుందన్న ప్రశ్న ఆ రెండు లెక్కల్లోనూ లేదు. డబ్బు పెట్టింది కంపెనీ, మాట కట్టింది ఏజెన్సీలోని కాపీరైటర్, వాడుకుంటున్నది ఆ సరుకును ఎన్నడూ కొనని మనం. వాడకందారుగా మనకూ ఒక అభిప్రాయం ఉండాలి.

నేను ప్రధానంగా పట్టించుకున్నది ఒకటే: కంపెనీ పేరునూ సరుకునూ పూర్తిగా తీసేసిన తరువాత ఆ మాటకు సొంతంగా చేయడానికి పని మిగిలి ఉందా లేదా. మిగిలితే అది నానుడి. మిగలకపోతే అది ఎంత ప్రసిద్ధమైనా ఇంకా ప్రకటనే. దాన్ని పలికిన ప్రతిసారీ మనం జీతం లేకుండా కంపెనీకి ప్రచారం చేసిపెడుతున్నట్టే. ఇక్కడ తీసుకున్న ఉదాహరణల్లో చాలావరకు అమెరికా, బ్రిటన్‌లవి. ఒకే వాక్యాన్ని పత్రికల్లోనూ, తరువాత రేడియో, టీవీల్లోనూ ఏళ్ల తరబడి కోట్లమందికి వినిపించే పద్ధతి అక్కడ ముందుగా స్థిరపడింది. ఆ మాటలే తరువాత దేశదేశాల పత్రికల్లోకి, సంభాషణల్లోకి వచ్చి చేరాయి.

వీటన్నిటిలో ఎక్కువ పనితనం ఉన్నది రాన్‌సీల్ వారిది. చెక్కకు పూసే రంగులు, వార్నిష్‌లు తయారుచేసే ఈ బ్రిటిష్ కంపెనీ కోసం 1994లో హెచ్‌హెచ్‌సీఎల్ అనే ఏజెన్సీ టీవీ ప్రకటనలు తయారుచేసింది. సరుకు పేరు ‘క్విక్ డ్రయింగ్ వుడ్‌స్టెయిన్’, అంటే త్వరగా ఆరిపోయే చెక్క రంగు. పనివాడిలా కనిపించే ఒక మామూలు మనిషి, హంగులేమీ లేకుండా, ఎదుటివాడితో మాట్లాడుతున్నట్టు నిలబడి ఆ రంగు గురించి నాలుగు ముక్కలు చెప్పి, ‘ఇట్ డజ్ ఎగ్జాక్ట్‌లీ వాట్ ఇట్ సేస్ ఆన్ ద టిన్’ అని ముగిస్తాడు. డబ్బా మీద ఏమి రాసి ఉందో సరిగ్గా అదే చేస్తుందని ఆ మాటకు అర్థం. డబ్బా మీద రాసి ఉన్నది నిజానికి మూడు ముక్కలే: ఇది రంగు, చెక్కకు వేసేది, త్వరగా ఆరుతుంది. ఆ వాక్యం బలమంతా ఆ మూడు ముక్కల క్లుప్తతలో ఉంది. డబ్బా మీద ‘మీ ఇంటికి కొత్త వెలుగు’ అని రాసి ఉంటే ఈ ట్యాగ్‌లైన్ నవ్వులపాలయ్యేది.

వాడకందారుకు దీనివల్ల కలిగిన లాభం పెద్దది. చెప్పినంతా చేస్తుంది, చెప్పనిది దీని దగ్గర ఆశించవద్దు అన్న రెండు సంగతులను, మెప్పునూ హద్దునూ, ఒకే ఊపులో చెప్పగల మాట ఇది. అందుకే అది చెక్క రంగును వదిలిపెట్టి సాఫ్ట్‌వేర్ మీదికి, మందుల మీదికి, చట్టాల మీదికి, మనుషుల మీదికి కూడా పాకింది. 2013 జనవరిలో బ్రిటన్ ప్రధాని డేవిడ్ కామెరాన్, తన పార్టీకీ లిబరల్ డెమొక్రాట్లకూ నడుమ ఉన్న సంకీర్ణం పెళ్లి వంటిది కాదని, అది ‘రాన్‌సీల్ డీల్’ అని, డబ్బా మీద రాసింది చేస్తుందని విలేకరుల ముందు అన్నాడు. ఆ మాటలో రెండు విషయాలు గమనించదగినవి. కంపెనీ పేరును ఒక ప్రధాని నోట పైసా ఖర్చు లేకుండా పలికించడం ఏ ప్రకటనకైనా అసాధారణమైన విజయం. అయితే ఆయన పలికినప్పుడు ‘ఎగ్జాక్ట్‌లీ’ జారిపోయింది. వాడుకలో సాధారణంగా జారిపోయేది కూడా ఆ ముక్కే. ‘సరిగ్గా’ అన్నది ఉన్నంతసేపు ఆ వాక్యం ఒక హామీ. అది పోతే ఉజ్జాయింపుగా ఫరవాలేదని చెప్పే సర్దుబాటు. రాజకీయ నాయకులకు రెండోదే ఎక్కువ అనుకూలం కావడంలో వింత లేదు.

దీనికీ ఒక లోపం ఉంది, అది సమీక్షలు రాసేవారి వల్ల వచ్చింది. ఒక వస్తువు గురించి ‘డబ్బా మీద రాసింది చేస్తుంది’ అని రాసేసిన సమీక్షకుడికి ఇక ఆ వస్తువు ఎలా పనిచేసిందో, ఎక్కడ తడబడిందో, ఏ అవసరానికి చాలదో వివరించే శ్రమ తప్పుతుంది. చదివేవాడికి మాత్రం డబ్బా మీద ఏమి రాసి ఉందో తెలియదు. లేబుల్ గొప్పలకు పోకుండా ఉన్నప్పుడే ఈ మాట మెప్పు అవుతుందని మరచిపోయి దీన్ని అన్నిటికీ అంటగట్టడం వల్ల, పుట్టినప్పుడు దీనికి ఉన్న పదును కొంత తగ్గిన మాట వాస్తవం. అయినా మొత్తం మీద ఇంత తక్కువ ధరకు, అంటే ఉచితంగా, ఇంత పనిచేసే వాక్యం ఈ విభాగంలో మరొకటి కనిపించదు.

మోర్టన్ సాల్ట్ కంపెనీ తెచ్చిన మాటది విచిత్రమైన చరిత్ర. గాలిలో తేమ ఎక్కువైతే ఉప్పు ముద్దకట్టి డబ్బాలోంచి రాలదు. 1911లో ఆ కంపెనీ ఉప్పులో మెగ్నీషియం కార్బొనేట్ కలపడం మొదలుపెట్టి ఆ చిక్కు వదిలించింది. ఆ తరువాత 1914లో గొడుగు పట్టుకొని, చంకలో ఉప్పు డబ్బా కారిపోతూ నడుస్తున్న చిన్నపిల్ల బొమ్మ కింద ‘వెన్ ఇట్ రెయిన్స్ ఇట్ పోర్స్’ అన్న వాక్యం వచ్చింది. వాన పడుతున్నా మా ఉప్పు జలజల రాలుతుందని దాని సారం. ఇంగ్లీషులో అప్పటికే ‘ఇట్ నెవర్ రెయిన్స్ బట్ ఇట్ పోర్స్’ అన్న సామెత 18వ శతాబ్దం నుంచి ఉంది. కష్టాలు వస్తే ఒకదాని వెంట ఒకటి వరసకడతాయని చెప్పడానికి దాన్ని వాడేవారు. కంపెనీ చేసిందల్లా ఆ సామెత నడుము కాస్త తిప్పి, దిగులును సుగుణంగా మార్చడం.

జనం ఏమి చేశారన్నది ఇక్కడ అసలు సంగతి. వారు కంపెనీ కుదించిన రూపాన్ని తీసుకున్నారు, కంపెనీ ఇచ్చిన అర్థాన్ని మాత్రం తీసుకోలేదు. ఈనాడు అమెరికాలో ఒకే వారంలో ఉద్యోగం పోయి, కారు చెడిపోయి, ఇంటి కప్పు కారిన మనిషి ‘వెన్ ఇట్ రెయిన్స్, ఇట్ పోర్స్’ అంటాడు. వాక్యం ఉప్పు డబ్బాది, బాధ పాత సామెతది. ఆ పలుకుతున్నవారిలో చాలామందికి ఉప్పు స్ఫురణకే రాదు. ఎవరో డబ్బు పెట్టి చెక్కించిన మాటను, తమకు కావలసిన పనికి తిప్పుకోవడంలో వాడకందారుల చేయి ఎంత గట్టిదో ఇంతకంటే బాగా చూపే ఉదాహరణ దొరకదు. మన్నిక విషయంలో దీనికి వంక పెట్టలేము: నూరేళ్లు దాటింది.

ముక్కలుగా కోసిన రొట్టె సంగతి వేరు. అది నేరుగా ట్యాగ్‌లైన్ కాదు, ఒక ప్రకటనలోని పోలిక నుంచి దారి తీసిన మాట. ఆటో రోవెడర్ తయారుచేసిన రొట్టె కోసే యంత్రంతో, అమెరికాలోని మిస్సౌరీ రాష్ట్రంలో చిలికాథీ బేకింగ్ కంపెనీ 1928 జూలై 7న కోసిన రొట్టెను మొదటిసారి అమ్మకానికి పెట్టింది. రొట్టెను కాగితంలో చుట్టడం మొదలైన తరువాత బేకరీ పరిశ్రమ వేసిన అతి పెద్ద ముందడుగు ఇదేనని నాటి ప్రకటన చెప్పుకుంది. అంటే కొత్తదాన్ని పొగడడానికి అంతకు ముందరి కొత్తదాన్ని కొలబద్దగా పెట్టే పద్ధతి ఆ ప్రకటనలోనే ఉంది. తరువాతి తరం ఆ కొలబద్దను తీసి, దాని స్థానంలో కోసిన రొట్టెనే పెట్టి, ‘కోసిన రొట్టె తరువాత ఇంత గొప్పది మరొకటి రాలేదు’ అనడం మొదలుపెట్టింది. 1952లో హాస్యనటుడు రెడ్ స్కెల్టన్ టెలివిజన్ గురించి ఆ మాట అన్నట్టు అచ్చులో ఉంది.

కోసిన రొట్టె అంత గొప్పదా అని నవ్వుకునేవారు 1943 సంగతి తెలుసుకోవాలి. యుద్ధకాలపు పొదుపు చర్యల్లో భాగంగా ఆ ఏడాది జనవరి 18 నుంచి అమెరికా ప్రభుత్వం కోసిన రొట్టె అమ్మకాన్ని నిషేధించింది. గృహిణుల నిరసనలు వెల్లువెత్తడంతో మార్చి 8న ఆ నిషేధాన్ని ఎత్తివేయవలసి వచ్చింది. అంతటి సౌకర్యం మీద నిలబడిన పోలిక కాబట్టే అది కొంతకాలం నిజమైన మెప్పుగా పనిచేసింది. ఇప్పుడు మాత్రం అరిగిపోయింది. ఎవరైనా తన కొడుకునో, కొత్త మేనేజర్‌నో ఈ మాటతో పొగిడితే వినేవాడు వెటకారం ఎక్కడుందా అని వెతుక్కుంటాడు. ‘అతను తానే కోసిన రొట్టె తరువాత అంత గొప్పవాణ్ణని అనుకుంటాడు’ అన్నట్టు, ఒకరి అహంకారాన్ని దెప్పడానికి వాడితే ఇంకా పనిచేస్తుంది; మనస్ఫూర్తిగా పొగడడానికి దీన్ని వాడవద్దనే నా సలహా.

ఆయుష్షు తక్కువైనా దెబ్బ గట్టిగా కొట్టిన మాట వెండీస్ హాంబర్గర్ల కంపెనీది. 1984 జనవరిలో వచ్చిన టీవీ ప్రకటనలో ముగ్గురు వృద్ధ మహిళలు పోటీ కంపెనీ వారి పెద్ద బన్నును చూస్తూ ఉంటారు. ఇద్దరు ఆ బన్ను ఎంత పెద్దదో, ఎంత మెత్తగా ఉందో మెచ్చుకుంటూ ఉండగా, మూడో ఆమె లోపల నాణెమంత మాంసపు ముక్కను చూసి ‘వేర్స్ ద బీఫ్?’, మాంసం ఏదీ అని గద్దిస్తుంది. ఆ మూడో మహిళ క్లారా పెల్లర్‌కు అప్పటికి ఎనభై దాటాయి. మొదట అనుకున్న వాక్యం ఇంకొంచెం పొడుగైనదని, ఆమెకు ఊపిరి అందక కుదించవలసి వచ్చిందని చెబుతారు. కుదింపు వల్లనే అది ఎక్కడైనా విసరగల రాయి అయింది. పైపై ఆర్భాటం చూపి లోపల సరుకు లేనివారిని నిలదీయడానికి మూడే మాటలు.

ఆ ఏడాది మార్చి 11న అట్లాంటాలో, అమెరికా అధ్యక్ష ఎన్నికకు డెమొక్రటిక్ పార్టీ అభ్యర్థిత్వం కోరుతున్నవారి చర్చలో వాల్టర్ మాండేల్, కొత్త ఆలోచనలు తెచ్చానని చెప్పుకుంటున్న గ్యారీ హార్ట్ వైపు తిరిగి, మీ ఆలోచనలు వింటుంటే ఆ ప్రకటన గుర్తొస్తుందంటూ ఇదే ప్రశ్న వేశాడు. ఆ ప్రకటనను అప్పటికి మాండేల్ చూడనే లేదని, ప్రచార నిర్వాహకుడు బాబ్ బెకెల్ చెప్పగా విన్నాడని అంటారు. ప్రకటన చూడనివాడి చేతిలో కూడా పేలిన మాట కనుక, కంపెనీని తీసేసినా పని మిగలాలన్న మొదటి పరీక్షలో ఇది నెగ్గినట్టే. హార్ట్ ప్రచారం ఆ ప్రశ్నకు జవాబు చెప్పుకోవడంతోనే సతమతమైంది. నామినేషన్ మాండేల్‌కు దక్కింది, నవంబరులో రీగన్ చేతిలో ఆయన 49 రాష్ట్రాలు పోగొట్టుకున్నాడు. మరుసటి ఏడాది పెల్లర్ ఒక పాస్తా సాస్ ప్రకటనలో ‘దొరికింది’ అని పలికినందుకు వెండీస్ ఆమెతో ఒప్పందాన్ని రద్దు చేసుకుంది. కంపెనీ దృష్టిలో మాంసం తమ దగ్గర తప్ప మరెక్కడా దొరకకూడదు మరి. ఈ మాట ఇప్పటికీ రాజకీయ వ్యాసాల్లో అప్పుడప్పుడు కనిపిస్తుంది గాని, నేటి యువతకు దానిలో మాంసం ఎందుకొచ్చిందో వివరించవలసి వస్తోంది. వివరణ అవసరమైన చోట ఎత్తిపొడుపు సగం చచ్చిపోతుంది.

అమెరికాలో జూదశాలలకు పేరుపడిన లాస్ వేగస్ నగరపు పర్యాటక సంస్థ కోసం ఆర్ అండ్ ఆర్ పార్ట్‌నర్స్ అనే ఏజెన్సీ 2003లో ఇచ్చిన అసలు వాక్యం ‘వాట్ హాపెన్స్ హియర్, స్టేస్ హియర్’, అంటే ఇక్కడ జరిగింది ఇక్కడే ఉండిపోతుంది. జనం ‘ఇక్కడ’ తీసేసి ‘వేగస్’ పెట్టుకున్నారు. మాట్లాడేవాడు వేగస్‌లో లేనప్పుడు ‘ఇక్కడ’ అంటే కుదరదు కదా. వాడుకకు అడ్డొచ్చిన ముక్కను వాడకందారులే మరమ్మతు చేసుకున్నారు. అంతకు ముందు నుంచే పర్యటనల్లో ఉండే వాద్యబృందాలు, క్రీడాజట్లు తమ గుట్టు గురించి ఇలాంటి మాటే అనుకునేవి కాబట్టి, ఏజెన్సీ కొత్తగా కనిపెట్టినదానికంటే అరువు తెచ్చుకున్నదే ఎక్కువ. ఇప్పుడు వేగస్ స్థానంలో ఆఫీసు పార్టీ, సమావేశం, విహారయాత్ర ఏది పెట్టినా వాక్యం నిలబడుతోంది.

ఇలా ఒక ఖాళీని ఉంచి, అందులో ఎవరికి కావలసింది వారు నింపుకొనే అచ్చులు ఈ విభాగంలో మంచి మన్నిక చూపిస్తాయి. కార్ల్స్‌బర్గ్ బీరుకు 1970లలో బ్రిటన్‌లో వచ్చిన ‘బహుశా ప్రపంచంలోకెల్లా ఉత్తమమైన’ అన్న మాటలో, దాన్ని పలికిన నటుడు ఆర్సన్ వెల్స్ గంభీరమైన గొంతుకంటే, ‘బహుశా’ అన్న చిన్న ముక్కే ఎక్కువ కాలం బతికింది. గొప్ప చెప్పుకుంటూనే నవ్వేసే వెసులుబాటు దానిలో ఉంది. 2019లో అదే కంపెనీ బ్రిటన్‌లో తమ పాత బీరు ‘బహుశా ప్రపంచంలో ఉత్తమమైనది కాదు’ అని తామే ప్రకటించి, తయారీ మార్చామని చెప్పుకుంది. ఆ ఎదురు వాక్యాన్ని జనం వెంటనే అందుకోగలిగారంటే మొదటిది ఎంత లోతుగా నాటుకుపోయిందో ఊహించవచ్చు.

ఒక్కోసారి మాటను ప్రకటన నుంచి విడదీసేది కాలం కాదు, సందర్భం. పెప్సీ కోసం 1998లో వచ్చిన ‘యే దిల్ మాంగే మోర్’, ఈ గుండె ఇంకా కావాలంటోంది అన్నది, శీతల పానీయం అమ్మడానికి పుట్టిన తేలికపాటి మాట. మరుసటి ఏడాది కార్గిల్ యుద్ధంలో పాయింట్ 5140 శిఖరాన్ని స్వాధీనం చేసుకున్న కెప్టెన్ విక్రమ్ బత్రా దాన్నే తన విజయ సంకేతంగా పలికాడు. కొద్ది రోజులకే మరో శిఖరం దగ్గర జరిగిన పోరులో ఆయన వీరమరణం పొందాడు. పరమవీర చక్ర ఆయనకు మరణానంతరం లభించింది. ఆ తరువాత ఆ మాటలో సీసా కనిపించడం మానేసింది. దీన్ని నేను వస్తువుగా తూచి మార్కులు వేయదలచుకోలేదు.

ఇక చెరుపు సంగతికి వస్తే, అన్నిటికంటే జాగ్రత్తగా చూడవలసిన సరుకు లిస్టరిన్ వారిది. 1879లో శస్త్రచికిత్సలకు వాడే క్రిమిసంహారిణిగా మొదలైన ఆ ద్రవాన్ని, 1920లలో నోటి దుర్వాసనకు మందుగా అమ్మడం మొదలుపెట్టారు. ఆ రోజుల్లో పత్రికల్లో వచ్చిన ఒక ప్రకటన ఎడ్నా అనే కల్పిత యువతిది. ఆమె స్నేహితురాళ్లలో చాలామందికి పెళ్లిళ్లయిపోయాయి, లేదా కాబోతున్నాయి. ఆమె వయసు ముప్ఫైకి దగ్గరపడుతోంది, ఆ ముప్ఫైని ప్రకటన విషాదకరమైనదని వర్ణిస్తుంది. కారణం ఆమె నోటి వాసన, అది ఆప్తులు కూడా చెప్పని విషయం. శీర్షిక: తరచూ తోడిపెళ్లికూతురే గాని ఎన్నడూ పెళ్లికూతురు కాదు. ఆ భావం అంతకు ముందే బ్రిటన్ మ్యూజిక్ హాల్ పాటల్లో హాస్యంగా వినిపించేది. లిస్టరిన్ దాన్ని భయంగా మార్చి అచ్చువేసింది. ‘ఆల్వేస్ ఎ బ్రైడ్స్‌మెయిడ్, నెవర్ ఎ బ్రైడ్’ అన్న రూపంలో అది స్థిరపడి, ఫైనల్ దాకా వచ్చి ప్రతిసారీ ఓడే జట్ల గురించి, ప్రతిసారీ రెండో స్థానంలో ఆగిపోయే అభ్యర్థుల గురించి నేటికీ క్రీడా పేజీల్లో, రాజకీయ వార్తల్లో వాడుతున్నారు.

పనితనం దృష్టితో చూస్తే ఇది గట్టి మాటే. అంచుదాకా వచ్చి ఆగిపోయే నిరాశను కళ్లకు కడుతుంది. కానీ ఫుట్‌బాల్ జట్టు గురించి వాడినా సరే, పెళ్లి కాకపోవడం ఓటమి, పక్కన నిలబడటం అవమానం అన్న లెక్క ఆ మాట అడుగున ఉండనే ఉంటుంది. మందు అమ్మడానికి ముందు జబ్బు గురించి సిగ్గు పుట్టించాలన్న వ్యాపార సూత్రం అది. మందు ఎవరు కొన్నారో మరచిపోయాం, సిగ్గు మాత్రం నానుడిలో మిగిలింది. 1930లలో జెమ్ రేజర్ల ప్రకటనలు ప్రచారంలోకి తెచ్చిన ‘ఫైవ్ ఓ క్లాక్ షాడో’ కూడా ఈ కోవలోదే. పొద్దున గీసుకున్న గడ్డం సాయంత్రానికి నీడలా కనిపించడం అంతవరకు ఎవరికీ లోపం కాదు. పేరు పెట్టగానే లోపమైంది. 1960లో కెనడీతో జరిగిన టీవీ చర్చలో నిక్సన్ ముఖం మీద ఆ నీడను దాచడానికి పౌడరు అద్దినా ఫలితం లేకపోయింది, ఆ చర్చ ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఈ మాటా వస్తుంది. దీనిలో లిస్టరిన్ మాటలోని విషం లేదు. కంటికి కనిపించేదాన్ని కనిపించినట్టు చెప్పే చక్కని వర్ణన, కథలు రాసేవారికి రోజూ పనికొస్తుంది. నా వరకు నిరభ్యంతరంగా వాడతాను.

అలా నిరభ్యంతరంగా వాడలేనిది, 1980ల చివర లైఫ్‌కాల్ అనే అత్యవసర సహాయ పరికరం ప్రకటనలోని ‘పడిపోయాను, లేవలేకపోతున్నాను’ అన్న కేక. ఒంటరిగా ఉండే వృద్ధులు కిందపడితే మెడలోని మీట నొక్కి సహాయం పిలిపించుకునే పరికరం అది. సరుకు నిజంగా ప్రాణాలు కాపాడేది. నటన అతిగా ఉండటంతో అమెరికా మొత్తం ఆ వాక్యాన్ని హాస్యనటుల నోట, చొక్కాల మీద రాతల్లో చూసి నవ్వుకుంది. పెద్దవారి అసహాయతను ఆటపట్టించే వీలు కల్పించడం తప్ప దీనికి వేరే ప్రయోజనం నాకు కనిపించలేదు. దీనికి ఎదురుగా నిలిచేది లోరియల్ వారి ‘ఎందుకంటే నేను అందుకు తగినదాన్ని’ అన్న మాట. 1970ల మొదట్లో మెకాన్ ఏజెన్సీలో పనిచేస్తున్న 23 ఏళ్ల ఇలాన్ స్పెక్ట్, స్త్రీలను చూడముచ్చట బొమ్మలుగా రాస్తున్న మగ కాపీరైటర్ల మీద కోపంతో రాసిన వాక్యం అది. ఇప్పుడు ఖరీదైనది కొనుక్కుని సమర్థించుకునేటప్పుడు ఆడా మగా అందరూ నవ్వుతూ అనుకుంటారు. మొదటి కోపం కరిగిపోయినా ఎవరినీ కించపరచని మాట.

అతి ప్రసిద్ధమైనవి రెండు మిగిలాయి, వాటి గురించి నాకు సదభిప్రాయం లేదు. వజ్రాల కంపెనీ డి బీర్స్ కోసం ఎన్.డబ్ల్యు. అయర్ ఏజెన్సీలో ఫ్రాన్సెస్ గెరెటీ 1947లో రాసిన ‘ఎ డైమండ్ ఈజ్ ఫరెవర్’ (వజ్రం శాశ్వతం) అన్న మాటను ప్రకటనల పత్రికలు శతాబ్దపు ఉత్తమ ట్యాగ్‌లైన్‌గా కీర్తించాయి. అమ్మకపు పనితనంలో దానికి సాటిలేదు: శాశ్వతమైనదాన్ని ఎవరూ తిరిగి అమ్ముకోరు, చేతులు మారిన వజ్రాలు బజారులోకి రాకపోతే కొత్తవాటి ధర నిలుస్తుంది. కానీ వజ్రాన్ని తీసేస్తే ఆ వాక్యంలో ‘శాశ్వతం’ అన్నది తప్ప ఏమీ మిగలదు. నైకీ కోసం డాన్ వైడెన్ 1988లో ఇచ్చిన ‘జస్ట్ డూ ఇట్’ది ఇంకో ఇబ్బంది. 1977లో యూటాలో మరణశిక్షకు గురైన హంతకుడు గ్యారీ గిల్మోర్ చివరి మాటలు తనకు ప్రేరణ అని వైడెన్ స్వయంగా చెప్పాడు, అది అలా ఉంచుదాం. వాయిదా వేస్తున్నవాణ్ణి కదిలించడానికి ఆ మాట పనికొస్తుంది నిజమే, అయితే వినేవాడి మనసులో ముందుగా బూటు, దాని మీది గుర్తు వెలుగుతాయి. సలహా ఇద్దామని నోరు తెరిచి సరుకు అమ్మినట్టవుతుంది. ఆపిల్ వారు 2009లో మొదలుపెట్టిన ‘దేరీజ్ ఎన్ యాప్ ఫర్ దట్’ (దానికీ ఒక యాప్ ఉంది) అన్న మాటను మరుసటి ఏడాది ట్రేడ్‌మార్క్‌గా నమోదు చేయించుకున్నారు. ట్రేడ్‌మార్క్ ఉన్నంతమాత్రాన మామూలు మాటల్లో, వ్యాసాల్లో దాన్ని వాడకూడదని కాదు. వ్యాపారానికి వాడుకోవడం మీదనే ఆంక్ష. అయినా ఫోనులో యాప్ లేనిదే పని జరగని రోజులు వచ్చాక, మెప్పుగా పుట్టిన ఆ మాట విసుగుగా మారిపోవడం వాడకందారులు తీర్చుకున్న కక్ష అనిపిస్తుంది.

చివరగా, వాడుక తగ్గిపోతున్నా మళ్లీ చేతిలోకి తీసుకోదగినది ఐవరీ సబ్బు సంఖ్య. ప్రోక్టర్ అండ్ గ్యాంబుల్ కంపెనీ 1882లో తమ సబ్బు ‘నూటికి తొంభైతొమ్మిది, ఆపై నూరింట నలభైనాలుగు వంతులు’ స్వచ్ఛమని ప్రకటించింది, అంటే 99.44 శాతం. రసాయన పరీక్షలో తేలిన కల్తీ పాళ్లు ఇవి: కలవని క్షారం 0.11, కార్బొనేట్లు 0.28, ఖనిజ పదార్థం 0.17, కూడితే 0.56 శాతం. వాటిని నూటిలోంచి తీసివేసి మిగిలినదాన్ని గుండుగా నూరు చేయకుండా ఉన్నదున్నట్టు అచ్చువేశారు. అమెరికాలో దాన్ని పూర్తి నమ్మకానికి గోరంత తక్కువ అన్న అర్థంలో వాడుకున్నారు: ఇతను చెప్పేది నిజమేనని 99.44 శాతం నమ్ముతున్నాను అన్నట్టు. నూటికి నూరుపాళ్లు, నూటికి వెయ్యిపాళ్లు అని జనం అలవోకగా ప్రమాణాలు చేసేచోట, ఆ మిగిలిన 0.56ను కూడా లెక్కలో చూపే మాట సమీక్షకుడికి మరింత అవసరం. రాన్‌సీల్ డబ్బా తరువాత రెండో స్థానం దీనికే ఇస్తాను. మూడో స్థానం మోర్టన్ ఉప్పుది. లిస్టరిన్, లైఫ్‌కాల్ మాటలను ఎవరికీ సిఫారసు చేయను; కోసిన రొట్టెను వెటకారానికి మాత్రమే దగ్గర ఉంచుకోవచ్చు.